పెరిగే పిల్లకు కొన్న స్కీలు

మా ఊళ్లో పిల్లలకు చెప్పులు కొంటే ఒక వేలు ఎక్కువ చూసి కొనేవారు. "పెరిగే పిల్ల, రెండేళ్లు వస్తాయి" అనేవారు. అమెరికాలోని మిన్నెసోటాలో ఇన్నేళ్లుగా ఉంటున్నా ఆ అలవాటు మమ్మును విడువలేదు.

మా అమ్మాయికి 14 ఏళ్లు. మంచుకొండ మీద పాతిన గడకర్రల మధ్య మెలికలు తిరుగుతూ జారే స్లాలమ్ పందెం కొరకు బడి జట్టులో చేరింది. అందుకు కాళ్లకు బిగించుకొనే పొడవాటి పలకలే స్కీలు. ధర విని బెదిరిపోయాము. చివరకు తగ్గింపులో 165 సెంటీమీటర్ల జత దొరికితే సంతోషంగా కొన్నాము. పిల్ల ఎత్తు 155!

పెద్ద పోటీలలో మగవారు తొడిగే పొడవది. బరువు, బలం ఉన్నవారు నొక్కితేనే వంగి మలుపు తిరుగుతుంది. మా 45 కిలోల పిల్లకు అది వంగలేదు. పడింది, మళ్లీ పడింది. తర్వాత సాధన రోజున కడుపునొప్పి అనసాగింది. డబ్బు దండుగ చేశావని కోప్పడ్డాము కూడా.

"అమ్మా, అవి నా మాట వినవు. భయమేస్తోంది" అని ఒక రాత్రి ఏడ్చింది.

మరునాడు ఆమె శిక్షకుని అడిగి, ఎవరో వాడిన 145 జత కొన్నాము. పడినప్పుడు బూటును వదిలివేసే బిగింపును దుకాణంలో ఆమె బరువు, ఎత్తు, వయస్సు, నేర్పు, బూటు అడుగు కొలత చూసి సరిచేశారు. అది మరీ బిగువైతే కాలు విరుగవచ్చునట.

మొదటి పందెంలో చివరినుండి మూడవదిగా వచ్చింది. దిగీ దిగగానే, "మళ్లీ ఎప్పుడు?" అని అడిగింది.