అంగడి ధర్మము

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" యను సామెత మన తెలుగునాట తరతరములుగా వినబడుచున్నది. అందులో ధరను గూర్చిన బాధ ఉన్నది గాని, వస్తువు ఎట్లు పుట్టినది, ఎవరి చేతుల మీదుగా వచ్చినది, వాడిన పిదప ఏమగును అను చింత లేదు. విశాలమైన దేశమున నివసించువారికి ఆ చింత అంతగా కలుగదు. ఊరి వెలుపల ఏదో పల్లపు నేల ఉండనే యున్నది. అచ్చట పారవేసి మరచిపోవచ్చును. ద్వీపవాసికి ఆ మరపు సాధ్యము కాదు. ఓడ సరకు దించి వెడలిపోవును. సరకును చుట్టిన సంచియు, నింపిన సీసాయు ఇచ్చటనే నిలిచిపోవును.

అండమాను ద్వీపముల రాజధానియైన పోర్టు బ్లెయిరునకు 2024లో శ్రీ విజయపురమని పేరు మార్చిరి. ఆ పట్టణమున గోల్ ఘర్ ఒక పేట. ఆ వీథిని నడచువాని చెవికి హిందీ, బెంగాలీ, తమిళము, తెలుగు ఒకదాని వెంట నొకటి సోకుచుండును. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపముల జనసంఖ్య 3,80,581. అందు నూటికి సుమారు 13 మందికి తెలుగు మాతృభాష. శ్రీకాకుళము, విశాఖ తీరములనుండి వలలతో వచ్చి స్థిరపడిన కుటుంబములు వారిలో ఉన్నవి. అట్టి ఇంటికి అల్లుడైన మా మేనత్త కుమారుడు గోల్ ఘర్‌లో ఒక చిన్న అంగడి నడుపుచున్నాడు. కొబ్బరిచిప్పతో చేసిన గరిటెలు, గిన్నెలు, గానుగ కొబ్బరినూనె, గుడ్డ సంచులు, పొందూరు ఖద్దరు, ఏటికొప్పాక లక్కబొమ్మలు: ఇవి అతని సరకు. ప్రకృతికి గాని, పనివానికి గాని హాని చేయని వస్తువులను మాత్రమే అమ్మవలెనని అతని నియమము.

నియమము పెట్టుకొనుట తేలిక. దాని ఎల్లలు గుర్తించుట కష్టము. అండమాను వచ్చిన యాత్రికుడు మొదట అడుగునది శంఖము. ఒకనాడు నేను అచ్చట ఉండగా రాజమహేంద్రవరమునుండి వచ్చిన పెద్దమనిషి ఒకరు, అంగడి యంతయు కలయజూచి, "శంఖాలు లేవా బాబూ? సముద్రం ఒడ్డున పడేసిన దాన్ని అమ్మితే తప్పేముంది?" అని అడిగిరి.

"ఒడ్డున పడ్డది రంగు వెలిసి ఉంటుందండీ. మీరు కోరే మెరుపు కావాలంటే ప్రాణం ఉండగానే పట్టాలి. పోనీ, ఖాళీగా పడి ఉన్న శంఖమే అనుకుందాం. అది కూడా ఎవరికో ఒకరికి ఇల్లే," అని మా బావ బదులు చెప్పెను.

అతడు చెప్పినది సన్యాసి పీతలను గూర్చి. మెత్తని పొట్టభాగమును దాచుకొనుటకు వానికి సొంత పెంకు లేదు. ఖాళీ శంఖములలో దూరి బ్రదుకును, పెరిగినకొలది ఇల్లు మార్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టపు పట్టికలలో 2001లో అనేక సముద్రజీవులను, వానిలో కొన్ని శంఖజాతులను చేర్చిరి. చట్టము నిషేధించిన దానిని ఎవడును అమ్మరాదు. చట్టము అనుమతించిన దానిని సైతము అమ్మకుండుటయే మా బావ పట్టుదల.

పెద్దమనిషి ఊరకుండలేదు. "మరి పొందూరు బట్ట మాటేమిటి? దూదిని వాలుగ చేప దవడ ఎముకతో ఏకుతారు కదా! అది ప్రాణి కాదా?" అనెను. ప్రశ్న సూటియైనది. "చేపను తినడానికి పట్టారండీ, దవడ మిగిలింది, పనికి వచ్చింది. శంఖం సంగతి వేరు. పెంకు కోసమే ప్రాణం తీస్తారు," అని మా బావ సమాధానము. ఈ సమాధానము మాంసాహారమును విడిచినవారికి తృప్తి కలిగింపదు. అయినను ఇందు ఒక వివేకము కలదు: ప్రకృతిసిద్ధమైన దంతయు నిర్దోషము కాదు, ప్రాణిసంబంధమైన దంతయు క్రూరము కాదు. ఏది దేనికొరకు చంపబడినది, ఏది మిగిలినది అని విచారింపవలెను.

జె.సి. కుమారప్ప ఈ విచారణనే దేశార్థశాస్త్రముగా మలచెను. 1934లో నెలకొన్న అఖిల భారత గ్రామోద్యోగ సంఘమును నడిపి, 1945లో శాశ్వతార్థిక వ్యవస్థను గూర్చి గ్రంథము ప్రకటించిన ఆ మహనీయుని మతము ఇది: కొనువాడును అమ్మువానితోపాటు బాధ్యుడే. తన క్రయవిక్రయముల ఫలితములన్నిటికి పూచీ పడలేనివాడు, తాను పూచీ పడగల పరిధికి వానిని కుదించుకొనవలెను. స్వదేశీ ధర్మమునకు పునాది అదియే.

ఈ కొలబద్దతో కొలిచినచో మా బావ అంగడియే మొదట తప్పటడుగు వేయును. పొందూరు ఖద్దరు, ఏటికొప్పాక బొమ్మ వేయి కిలోమీటర్లకు పైగా సముద్రము దాటి వచ్చినవి. అతడు దీనిని దాచలేదు. ప్రతి వస్తువు ప్రక్కను ఒక పలక నుంచి, అది వచ్చిన ఊరు, చేసినవారి వృత్తి, దాని లోపము సుద్దతో వ్రాయును. "ఓడ మీద వచ్చింది" అను మాట ఖద్దరు పలకపై ఎప్పుడును ఉండును.

ఒకప్పుడు వెదురు దంతధావన కుంచెలు చౌకగా ఇచ్చెదమని ఒక వర్తకుడు వచ్చెను. 2022 జూలై 1వ తేదీనుండి ఒకసారి వాడి పారవేయు ప్లాస్టికు వస్తువులు కొన్ని దేశమంతట నిషేధింపబడిన పిమ్మట అట్టి సరకునకు గిరాకి పెరిగినది. కుంచె వెదురుది, పోచలు నైలానువి, ప్రతిదాని చుట్టును ప్లాస్టికు తొడుగు. మా బావ వలదనెను. ఆ రాత్రి లెక్కల పుస్తకము ముందు పెట్టుకొని మా అక్క, "ధర్మం అద్దె కడుతుందా?" అని అడిగినది. అతడు మాటలాడలేదు. ఆ ప్రశ్నను నేను తేలికగా తీసివేయజాలను. అంగడి మూతపడినచో దాని నియమములు ఎవరికి ఉపకరించును?

మార్గము చూపినది ఆమెయే. పాత చీరలతో సంచులు కుట్టుటకు ఇరుగుపొరుగు స్త్రీలను కూర్చెను. నూనెకు కొనువారే సీసా తెచ్చుకొనవలెనని కట్టడి చేసెను. దూరపు సరకు తగ్గినది. ఊరి సరకు పెరిగినది. లాభము స్వల్పమే, అద్దె మాత్రము ఎట్లో గడుచుచున్నది.

ఈ చిన్న అంగడి సముద్రమును కాపాడునని నేను చెప్పను. శంఖము దొరకనివారు మరియొక వీథికి పోవచ్చును. కాని అచ్చట కొనువాడు ధర అడుగుటకు ముందు పలక చదువును. చదివి, ఒక్కొక్కప్పుడు కొనకయే వెడలిపోవును. కొనకుండుటకు సైతము కారణము చూపు అంగడి మన సంతలలో అరుదు. సామెత చెప్పిన అడవి, కొరివి రెండును ఎక్కడనుండి వచ్చినవో ఆ పలక చెప్పును. వినవలసినవారు మనము.