కార్క్ బాల్: భయమూ అదే, ఇష్టమూ అదే

మీ ఊర్లో క్రికెట్ ఏ బాల్‌తో ఆడేవాళ్లు?

ఈ ఒక్క ప్రశ్న అడిగి చూడండి. అవతలి మనిషి వయసు, ఊరు, చిన్నప్పుడు జేబులో ఉన్న డబ్బులు అన్నీ బయటపడతాయి. రబ్బర్ బాల్ అంటే సందులో ఆడినోళ్లు. లెదర్ బాల్ అంటే కోచింగ్‌కు పోయినోళ్లు. టెన్నిస్ బాల్ అంటే ఇప్పటి పిల్లోళ్లు. మాది రాయచోటి. మాది కార్క్ బాల్.

చూడనివాళ్ల కోసం చెప్తా. చూస్తానే లెదర్ బాల్ మాదిరే ఉంటుంది. ఎర్ర రంగు, నడుమ కుట్టు మాదిరి గీత. కానీ దాంట్లో తోలూ ఉండదు, దారమూ ఉండదు. కార్క్ పొడిని రబ్బరుతో కలిపి, అచ్చులో పోసి గట్టిగా నొక్కి తీస్తారు. అసలైన క్రికెట్ బాల్‌లో లోపల కార్క్ గుండు, దాని చుట్టూ దారం, పైన తోలు, ఆ పైన ఆరు వరుసల కుట్టు ఉంటాయి. మా బాల్‌లో లోపల ఏముందో బయటా అదే. ధర తక్కువ. జట్టుకు పదకొండు మందిమి తలా ఇంత వేసుకుంటే ఆదివారానికి ఒక బాల్ వచ్చేసేది.

మాండవ్య నది ఒడ్డున ఉంది మా ఊరు. నది అంటున్నానని నీళ్లు ఊహించుకోవద్దు, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసకే. మేం ఆడింది ఊరి బయట గరుసు నేల మీద. పిచ్ అని పేరే కానీ, రాళ్లు ఏరేసి, రెండు బిందెల నీళ్లు చల్లి, కాళ్లతో తొక్కిన చోటు అంతే. ఆ నేల మీద కొత్త కార్క్ బాల్ పడితే ఠంగుమని లేస్తుంది. మొదటి మూడు నాలుగు ఓవర్లు బ్యాట్స్‌మన్‌కు నరకం. ఆ తర్వాత రంగు పెచ్చులు పెచ్చులుగా ఊడేది. గీత అరిగిపోయేది. మధ్యాహ్నానికి బాల్ ఎరుపు పోయి మట్టి రంగుకు వచ్చేది. ఒకపక్క చిన్న ముక్క ఎగిరిపోతే ఇంక అది ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాల.

మా జట్టులో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లు. "డాల్ రే" అని ఒకడు, "ఎయ్ రా" అని ఇంకొకడు. రంజాన్ నెలలో ఇఫ్తార్ టైముకు ముందే మ్యాచ్ ముగించాల. అందుకే ఆ నెలలో పది ఓవర్లే. ఆ పది ఓవర్లలో నాలుగు మా పెద్దన్నవి.

పెద్దన్న అంటే మా పెదనాయన కొడుకు. పొట్టి మనిషి. ఉరుకుడు పది అడుగులే, స్పీడు కూడా ఏమంత ఉండదు. కానీ చూపుడు వేలు గీత మీద పెట్టి, వదిలేటప్పుడు పక్కకు గీకేవాడు. బాల్ ఆఫ్ స్టంప్ బయట పడి చురుక్కున లోపలికి వచ్చేది. తోలు లేని బాల్ కాబట్టి ఒకపక్క మెరుగు నిలబెట్టి గాల్లో స్వింగ్ చేయాలంటే కుదరదు. అందుకే ఆయన గాలిని నమ్ముకోలేదు. నేలను, వేలును నమ్ముకున్నాడు. "బాల్ అబద్ధం చెప్పదు రా. నా వేలు ఎక్కడుంటే అది అక్కడికే పోతాది" అనేవాడు.

తర్వాత మా ఊర్లో ఎంతోమంది పోయినట్టే ఆయనా కువైట్ పోయినాడు. ఒక ఇంట్లో డ్రైవర్ పని. రెండేళ్లకొకసారి లీవు.

ఇప్పుడు కొంచెం దూరం తీసుకుపోతా, రండి. నేను పనిచేసేది బెంగళూరులో. ఒకసారి ఆఫీసోళ్లందరం మాల్‌లో బౌలింగ్ ఆడను పోయినాం. అదే, బరువైన గుండును దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట. మాతో వచ్చిన ఒక సీనియర్ మాత్రం సొంత బాల్ తెచ్చుకున్నాడు. పాతది, మెరుపు లేదు. "ఇది యురెథేన్. ఇప్పుడు ఇంతకంటే పవర్‌ఫుల్ బాళ్లు వచ్చినాయి. కానీ నాకు ఇదే కావాల" అన్నాడు. ఆ మాట వినంగానే నాకు పెద్దన్న గుర్తొచ్చినాడు.

ఆ ఆటలో బాల్ కథ భలే ఉంటుంది. మొదట గట్టి చెక్కతో చేసేవాళ్లు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రబ్బరు వచ్చింది. 1960 దగ్గర్లో పాలిస్టర్ ప్లాస్టిక్ వచ్చింది. మాల్‌లో మనకిచ్చే రంగురంగుల బాళ్లు ఇప్పటికీ అవే. 1981లో ఏఎంఎఫ్ కంపెనీ 'యాంగిల్' పేరుతో యురెథేన్ బాల్ తెచ్చింది. పదేళ్లు దానిదే రాజ్యం. 1990ల మొదట్లో రియాక్టివ్ రెజిన్ వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది.

తేడా ఎక్కడంటే, లేన్ 60 అడుగులు. దాని మీద ముందు భాగంలో నూనె పూస్తారు, చివరి భాగం పొడిగా ఉంటుంది. ప్లాస్టిక్ బాల్ దాదాపు నేరుగా జారిపోతుంది. రియాక్టివ్ బాల్ నూనె మీద జారి, పొడి చోటు తగలంగానే ఒక్కసారిగా పక్కకు కోసుకుపోతుంది. పిన్నులు చెల్లాచెదురు. కానీ దాని ఒంటికి సన్నని రంధ్రాలు ఉంటాయి, ఆడే కొద్దీ నూనె పీల్చుకుంటుంది, పట్టు తగ్గుతుంది. యురెథేన్ ఇంత ఆర్భాటం చేయదు. ముందు నుంచే నేలను పట్టుకుని, నెమ్మదిగా, ఒకే వంపులో తిరుగుతుంది. ఎక్కడ తిరుగుతుందో వేసేవాడికి ముందే తెలుసు.

అందుకే పాతబడిపోయిందనుకున్న ఆ బాల్ మళ్లీ పెద్ద ఆటగాళ్ల చేతుల్లోకి వచ్చింది. ఎంతదాకా పోయిందంటే, 2016, 2017లో తయారైన 'పర్పుల్ హామర్' అనే యురెథేన్ బాళ్లు రూల్ కన్నా మెత్తగా ఉన్నాయని అమెరికా బౌలింగ్ సంఘం 2022లో తన జాతీయ పోటీల నుంచి తీసేసింది. బాల్ గట్టిదనం కొంచెం తగ్గినా లేన్ మీద పట్టు మారిపోతుంది మరి.

అంటే ఆ సీనియర్ అడిగింది పవర్ కాదు, మాట వినే బాల్. మా పెద్దన్న అడిగిందీ అదే.

ఇప్పుడు మా ఊర్లో పిల్లోళ్ల చేతుల్లో టెన్నిస్ బాలే. దాన్ని చిన్నచూపు చూడటానికి లేదు. 2024 మార్చిలో థానేలో మొదలైన ఐఎస్‌పీఎల్ పూర్తిగా టెన్నిస్ బాల్ లీగే. హైదరాబాద్ జట్టుకు రామ్ చరణ్ ఓనర్. సందుల్లో ఆడిన పిల్లోళ్లు టీవీలో కనిపించినారంటే ఆ బాల్ పుణ్యమే.

కానీ దాని స్వభావం వేరు. క్రికెట్ బాల్ 155.9 నుంచి 163 గ్రాములు ఉంటుంది. మామూలు టెన్నిస్ బాల్ 60 గ్రాములు కూడా ఉండదు. సైజులో పెద్ద తేడా లేదు, బరువు మాత్రం మూడో వంతు. అందుకే గాలి దాన్ని తొందరగా ఆపేస్తుంది. ఎండాకాలం మా దిక్కు వీచే వడగాలికి ఎదురు బౌలింగ్ చేసి చూడండి, బాల్ మీకే వెనక్కి వచ్చేట్టు ఉంటుంది. నేలకు తగిలినప్పుడు నలిగి, మెల్లగా లేస్తుంది. బ్యాట్స్‌మన్‌కు కావాల్సినంత టైము.

మొన్న లీవుకు వచ్చినప్పుడు పెద్దన్న ఇంటి ముందర కొడుకు టెన్నిస్ బాల్ తీసుకుని రెండు వేసినాడు. "ఏంది ప్పా ఇది, చేతిలో ఉన్నెట్లే లేదు" అన్నాడు. బజారంతా తిరిగి ఎక్కడో ఒక షాపులో కార్క్ బాల్ పట్టుకొచ్చినాడు. నాకు ఒక ఓవర్ వేసినాడు. అదే వేలు, అదే గీకుడు. నాలుగో బాల్ ప్యాడ్ లేని నా మోకాలి కింద తగిలింది. కళ్లలో నీళ్లు తిరిగినాయి. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ నవ్వును మా చెల్లెలు ఆపింది. "మీకేం న్నా, మీరు బాగా ఆడుకున్నారు. ఆ పొద్దుల్లో నేనేం చేస్తాంటి? అరుగు మీద కూచోని స్కోరు రాస్తాంటి. మూతికి తగిలితే పెళ్లి కాదని జేజి నన్ను గ్రౌండ్ తట్టు పోనీలేదు. మీ బాల్ మంచిదేలే. మీకు."

మేం ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. ఆమె చెప్పింది నిజం కాబట్టి. జేజి భయం కూడా ఉత్తది కాదు. మా గ్రౌండ్‌లో ఒక పిల్లోడికి ముందు పళ్లు రెండు పోయినాయి. హెల్మెట్ సంగతి అటుంచండి, మాకు గార్డులు కూడా లేవు. భారత జట్టుకు ఆడిన రామన్ లాంబా 1998లో ఢాకాలో ఒక క్లబ్ మ్యాచ్‌లో షార్ట్ లెగ్‌లో హెల్మెట్ లేకుండా నిలబడి, తలకు బాల్ తగిలి చనిపోయినాడు. మేం రోజూ అదే చోట ఒట్టి తలతో నిలబడినాం. మాకు ఏమీ కాలేదంటే అది అదృష్టమే, బాల్ గొప్పతనం కాదు.

ఇంకొకటి కూడా ఉంది. మేం కార్క్ బాల్‌ను ఏరికోరి పట్టుకోలేదు. లెదర్ బాల్ కొనలేక దాన్ని పట్టుకున్నాం. చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని పనితనం నేర్చుకున్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ లేమి కనపడదు, పనితనం మాత్రమే కనపడుతుంది. పాత వస్తువుల మీద మోజు వచ్చినప్పుడల్లా ఈ లెక్క ఒకసారి చూసుకోవాల అనిపిస్తుంది.

ఆ సాయంత్రం పెద్దన్న కార్క్ బాల్ కిటికీలో పెట్టేసి, కొడుకు చేతిలోంచి టెన్నిస్ బాల్ తీసుకున్నాడు. "రామ్మా, నువ్వే బ్యాట్ పట్టు" అని చెల్లెల్ని పిలిచినాడు. మొదటి బాల్ పాత పద్ధతిలోనే గీకినాడు. అది తిరగలేదు, ఎదురింటి గోడ దాటింది. పిల్లోళ్లు కేకలు. రెండోది కూడా అంతే. మూడో బాల్‌కు వేళ్లు వెడల్పు చేసి, ఊరికే గీకకుండా మణికట్టు తిప్పి, బాగా మెల్లగా వదిలినాడు. బాల్ గాల్లో ఆగినట్టు ఆగి కిందికి దిగింది. చెల్లెలు ముందే బ్యాట్ ఊపేసింది. "ఇదీ మాట వింటాది రా, కాకపోతే వేరే భాషలో చెప్పాల" అన్నాడు పెద్దన్న.

వారం తర్వాత ఆయన కువైట్ పోయినాడు. అక్కడ శుక్రవారాలు పార్కింగ్ స్థలంలో మనోళ్లు టెన్నిస్ బాల్‌తో ఆడతారంట. కొత్త బంతి పని చేస్తాందని మెసేజ్ పెట్టినాడు.

కార్క్ బాల్ కావాలంటే ఇప్పుడు ఫోన్‌లో ఆర్డర్ పెట్టినా ఇంటికే వస్తుంది. అది పోలేదు. పోతున్నది ఇంకొకటి. 2022 ఏప్రిల్ 4న రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా వచ్చింది. మంచిదే, అందరం సంబరపడినాం. దాంతోపాటు నేల ధరలూ లేచినాయి. మేం రాళ్లు ఏరిన ఆ గరుసు నేలలో ఇప్పుడు వరసగా ప్లాట్ల రాళ్లు పాతి ఉన్నాయి. ఒకప్పుడు వికెట్లు నిలబెట్టిన చోట ఒక గేటు ఉంది.

ఏ బాల్ గొప్పదో మనం ఎంతసేపైనా వాదించుకోవచ్చు. చెల్లెలు, పెద్దన్న కొడుకు, ఉర్దూలో కేకలేసే వీధి పిల్లోళ్లు అందరూ కలిసి ఆడను ఒక ఖాళీ చోటు మాత్రం ఉండాల. మీ ఊర్లో అట్లాంటి చోటు ఇంకా మిగిలి ఉంటే, ఈ ఆదివారం ఏదో ఒక బాల్ తీసుకుని అక్కడికి పోండి.