ఒకే తలుపున్న చిన్న విమానం నేర్పిన పాఠం

మా స్వస్థలం చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం. స్కందపుష్కరిణి మెట్లు దిగి, కాళ్ళు కడుక్కొని, మళ్ళీ మెట్లెక్కి వేణుగోపాలస్వామి గుడికి వెళ్ళడం మా చిన్ననాటి అలవాటు. ఆ మెట్లు ఎన్ని అని నేను ఏనాడూ లెక్కపెట్టలేదు. లెక్కపెట్టవలసిన అవసరం రాని కాళ్ళు అవి. 73 ఏళ్ళ వయసులో, అమెరికాలోని డాలస్ నగరానికి సమీపాన, ఒక చిన్న విమానం రెక్క మీదికి ఒకే ఒక్క మెట్టు ఎక్కవలసి వచ్చినప్పుడు ఆ పుష్కరిణి గుర్తుకు వచ్చింది.

మా అల్లుడు అక్కడ కంప్యూటర్ ఉద్యోగి. సెలవు రోజుల్లో విమానం నడపడం నేర్చుకొని లైసెన్సు సంపాదించాడు. సొంత విమానం లేదు. గంటల లెక్కన అద్దెకు తీసుకుంటాడు. నలుగురు కూర్చోగల ఆ విమానం పేరు పైపర్ చెరోకీ. 1961లో అమ్మకానికి వచ్చిన ఈ రకం విమానాలు కొన్ని మార్పులతో నేటికీ తయారవుతున్నాయి. విమానం నడపడం నేర్చుకునేవారిలో చాలామంది మొదట కూర్చునేది ఇటువంటి వాటిలోనే.

మన రేణిగుంటకు వచ్చే ఏటీఆర్ విమానాన్నే మనం చిన్నదంటాం. అందులో సుమారు 70 మంది కూర్చుంటారు. ఎక్కడానికి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉంటాయి. చెరోకీ సంగతి వేరు. దాని రెక్కలు అడుగుభాగాన ఉంటాయి. తలుపు ఒక్కటే, కుడి పక్కన, రెక్కకు పైన ఉంటుంది. నడిపే మనిషి కూర్చునేది ఎడమ పక్కన. అటువైపు తలుపు లేదు.

ఎక్కే పద్ధతి ఇది. రెక్క వెనుక అంచు దగ్గర ఒక చిన్న లోహపు మెట్టు, దానికి పైన చేతితో పట్టుకునే పిడి ఉంటాయి. పిడి పట్టుకొని మెట్టు మీద ఒక కాలు, ఆ తరువాత రెక్క మీద రెండవ కాలు వేయాలి. రెక్క మీద జారకుండా గరుకైన నల్లని పట్టీ ఉంటుంది. అడుగులు దాని మీదనే పడాలి. రెక్క వెనుక ఫ్లాప్ అనే కదిలే భాగం ఒకటి ఉంది. అది పూర్తిగా పైకి ఉన్నప్పుడే ఎక్కాలి. కిందికి దించి ఉంటే కాలి బరువుకు కదిలి మనిషి తూలిపోతాడు.

“మామా, మొదట మీ అమ్మాయి వెనక సీట్లోకి ఎక్కుతుంది. తర్వాత నేను. మీరు చివర. దిగేటప్పుడు మాత్రం మీరే ముందు” అన్నాడు అల్లుడు.

ఆ వరుస ప్రకారమే ఎక్కాము. పిడి పట్టుకొని, రెండు ప్రయత్నాల తరువాత, ఎలాగో రెక్క మీదికి చేరాను. సీటు ముక్కాలిపీట అంత ఎత్తులో ఉంది. కూర్చోవడం కాదు, దాదాపు కూలబడ్డాను. బెల్టు పెట్టుకోవడం, తీయడం చూపించాక అల్లుడు, “ఇంజిన్ స్టార్ట్ చేయకముందే ఒకసారి మీ అంతట మీరు దిగి చూపించండి మామా” అన్నాడు.

పక్కనున్న గడియ తీసి తలుపు నెట్టాను. కదలలేదు. తలుపు పైభాగాన మరొక గడియ ఉందని అప్పుడే చెప్పినా, మరచిపోయాను. అదీ తీసి, కుడికాలు రెక్క మీద పెట్టి, పైకి లేవబోయాను. తొడలు సహకరించలేదు. రెండవసారీ అంతే. వెనకనుంచి అమ్మాయి నా భుజం కింద చేయి వేసి ఎత్తితే లేచాను. అల్లుడు గడియారం చూశాడు. నేను అడిగాను కనుక చెప్పాడు: “నిమిషంన్నర, మామా.”

నాకు ఒక విషయం గుర్తుకు వచ్చింది. 44 మందికి మించి ప్రయాణికులను ఎక్కించుకునే విమానాన్ని తయారుచేసేవారు, అత్యవసర ద్వారాల్లో సగం మాత్రమే వాడి, 90 సెకన్లలో అందరినీ దించవచ్చని నిరూపించాలి. వందలమంది దిగవలసిన కాలంలో నేనొక్కడినీ దిగాను. అదీ ఇంజిన్ ఆగి ఉండగా, పొగ లేకుండా, తొందర లేకుండా. ఇంధనం ఉండేదేమో ఆ రెక్కల్లోనే.

తలుపు పక్క సీటు నాది. నేను దిగితే తప్ప అల్లుడు దిగలేడు, కూతురు దిగలేదు. అంతవరకూ నా మోకాళ్ళు నా సొంత విషయమనుకున్నాను.

“మీరిద్దరూ వెళ్ళిరండి” అన్నాను.

“ఏం కాదు మామా, నేను సాయం పడతాను కదా.”

“లేదు నాయనా. నీ దారికి అడ్డంగా కూర్చొని ఆకాశం చూడలేను.”

వాళ్ళు వెళ్ళారు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. అక్కడ నాకు ఒక అవ్వ జ్ఞాపకం వచ్చింది.

1980 దశకంలో మా ప్రాంతంలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. మోకాళ్ళ నొప్పులతో ఒక అవ్వ వచ్చింది. రోజూ కోనేటి మెట్లు దిగి నీళ్ళు తెచ్చుకునే మనిషి. “మెట్లు దిగవద్దు, కింద కూర్చోవద్దు, విశ్రాంతి తీసుకో” అని మాత్రలిచ్చి పంపాను. ఆమె నా మాట అక్షరాలా పాటించింది. ఏడాది తరువాత కొడుకు ఆమెను చేతుల మీద మోసుకొచ్చాడు. “నొప్పి తగ్గిండాది సార్, కానీ మంచం మీదనించి లేయలేకుండా ఉండాది” అన్నాడు.

నేను నొప్పిని చూశాను, కండరాన్ని చూడలేదు. మోకాలి కీలు అరిగినవారికి తగిన వ్యాయామమే ప్రధాన చికిత్స అని నేటి వైద్యం చెబుతోంది. మోకాలిని కాచేది తొడ ముందుభాగపు కండరం. కూర్చున్నచోటునుంచి మనిషిని లేపేది ఆ కండరం, పిరుదుల కండరాలు కలిసి. వాడకపోతే అవి క్షీణిస్తాయి. వృద్ధాప్యంలో మరింత వేగంగా. విశ్రాంతి పేరుతో ఆ అవ్వ కాళ్ళలోని బలాన్ని నేనే తీసేశాను. పదవీ విరమణ తరువాత కారు, కుర్చీ, లిఫ్టు నాకూ అదే చేశాయి.

ఆ సాయంత్రం నన్ను నేను పరీక్షించుకున్నాను. మీరూ చేసుకోవచ్చు. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు ఛాతీ మీద కట్టుకొని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కించండి. పక్కన ఒకరు ఉండాలి. 70–74 ఏళ్ళ పురుషులు 12, స్త్రీలు 10 సార్లకు తగ్గితే పడిపోయే ప్రమాదం ఎక్కువని భావిస్తారు. నాకు వచ్చినవి 8.

ఆరు వారాలు సాధన చేశాను. ఉదయం, సాయంత్రం కుర్చీలోనుంచి పదేసి సార్లు లేవడం. ఇంటి మెట్లలో మొదటిదాని మీదికి ఎక్కి దిగడం. వంటింటి గట్టు పట్టుకొని మడమలు ఎత్తడం, ఒంటికాలి మీద నిలబడడం. దిగేటప్పుడు నెమ్మదిగా దిగాలి. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపవలసి ఉంటుంది. మోకాలు చాలామందికి తడబడేది అక్కడే. మొదటి పది రోజులు తొడలు సలిపాయి. నాలుగవ వారానికి చేతులు ఆనించకుండా సోఫాలోనుంచి లేవగలిగాను.

మళ్ళీ విమానం దగ్గరికి వెళ్ళాము. పై గడియ, పక్క గడియ, కుడికాలు, తలుపు చట్రం మీద చేయి, లేవడం. 25 సెకన్లు. “ఇంక పోదాం మామా” అన్నాడు అల్లుడు. ముప్పావు గంట ఆకాశంలో తిరిగాము. కింద నలుచదరంగా కనిపించిన ఒక నీటిగుంటను మా అమ్మాయి చూపించి, “నాయనా, మన పుష్కరిణి” అంది. దిగాక ప్రొపెల్లర్ పూర్తిగా ఆగేవరకు కూర్చొని, తలుపు తీసి, ముందువైపు వెళ్ళకుండా తోక వైపు నడిచి, మెట్టు మీదుగా నేల మీద కాలు పెట్టాను. ఎవరూ చేయి ఇవ్వలేదు.

ఇదంతా అమెరికా ముచ్చట అనుకోకండి. పుత్తూరు బస్సు ఎక్కడమైనా, ఏటీఆర్ మెట్లు దిగడమైనా సూత్రం ఒక్కటే. ఎక్కేటప్పుడు బలమైన కాలు ముందు. ఎందుకంటే ఒంటి బరువును పైకి లేపేది అదే. దిగేటప్పుడు నొప్పి ఉన్న కాలు ముందు. పైన నిలిచిన బలమైన కాలు బరువును ఆపుతుంది. చేతిలో సంచి ఉండకూడదు, చేయి కమ్మీ మీద ఉండాలి. రక్తపోటు మాత్రలు వాడేవారు చాలాసేపు కూర్చొని లేచినప్పుడు ఒక్క క్షణం ఆగి నడవాలి.

ఇక, ఒకే తలుపున్న గది మన ప్రతి ఇంట్లోనూ ఉంది. అది స్నానాల గది. వృద్ధులు తరచుగా జారిపడేదీ అక్కడే. చాలా ఇళ్ళలో ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది. పడిన మనిషి శరీరమే తలుపుకు అడ్డమైతే, బయట ఉన్నవారు నెట్టలేక నిస్సహాయంగా నిలబడతారు. ఆ తలుపును బయటికి తెరుచుకునేలా మార్చండి. బయటనుంచి కూడా తీయగల గడియ పెట్టించండి. కమోడు పక్కన గోడకు గట్టి పిడి బిగించండి. పుత్తూరు కట్టుకు పేరు పొందిన ప్రాంతం మాది. పడితే కట్టు ఉందిలే అనే ధీమా మాలో ఉంటుంది. వృద్ధుల్లో తుంటి ఎముక విరిగితే సాధారణంగా శస్త్రచికిత్స అవసరమవుతుంది. దానికి కట్టు చాలదు.

గుండెజబ్బు, తలతిరుగుడు, ఇటీవల ఆపరేషన్ అయినవారు తమ వైద్యుణ్ణి సంప్రదించాకే పై వ్యాయామాలు మొదలుపెట్టండి. మిగిలినవారు ఈ రోజే ఆ కుర్చీ పరీక్ష చేసుకోండి. వచ్చిన సంఖ్యను ఒక కాగితం మీద వ్రాసి, ఆరు వారాల తరువాత మళ్ళీ చూసుకోండి.

అవ్వకు ఆనాడు చెప్పవలసిన మాట ఇది. నలభై ఏళ్ళు ఆలస్యంగా మీకు చెబుతున్నాను.