చుక్కికి షుగర్ వచ్చింది

సంక్రాంతికి మా చుక్కి ఎదకొచ్చింది. మహాశివరాత్రి నాటికి గేదెల తొట్టి దగ్గరే కాపురం పెట్టింది. నీళ్లలో మూతి పెడితే తీసేది కాదు. రాత్రిళ్లు వసారాలోనే మూత్రం పోసేది. ఏడేళ్ల కుక్క, ఇంట్లో పోసి ఎరగదు. ముందు తిట్టాను. ఒకరోజు పొద్దున్నే చూస్తే ఆ మరక చుట్టూ చీమలు బారు కట్టాయి. కడగబోయిన మా అత్త చీపురు పట్టుకుని ఆగిపోయింది. "దీనికీ నా రోగమే వచ్చింది అమ్మాయ్" అంది. అత్తకు షుగర్ వచ్చి పదిహేనేళ్లు దాటింది. నేను నవ్వేశాను.

మాది దమ్మపేట మండలం. పామాయిల్ తోటలో ఇల్లు. గెలలు నరికే రోజుల్లో ట్రాక్టర్లు అప్పారావుపేట ఫ్యాక్టరీకి పోతూనే ఉంటాయి. తోటలో పందులు తిరుగుతాయి, పాములుంటాయి. చుక్కి ముందు నడవకుండా చీకట్లో బయట అడుగుపెట్టే అలవాటు మాకు లేదు. సగం లాబ్రడార్, సగం ఊరకుక్క. ఆ నెలలో రెండింతలు తిన్నది, అయినా పక్కటెముకలు తేలాయి.

అత్త తన గ్లూకోమీటరుతో చెవి అంచున పొడిచి చూసింది. 412. ఊళ్లో పశువుల డాక్టరు గారు మూత్రంలో పట్టీ ముంచి చూసి, "గన్నవరం తీసుకెళ్లండమ్మా, ఆలస్యం చెయ్యొద్దు" అన్నారు. అక్కడి ఎన్టీఆర్ పశువైద్య కళాశాల మాకు హైదరాబాద్ కంటే చాలా దగ్గర. సత్తుపల్లి, నూజివీడు మీదుగా మా మరిది కారు నడిపాడు. దారి పొడుగునా వాంతులు. చుక్కి నోటి నుంచి మాగిపోయిన పండు వాసన. ఇన్సులిన్ లేక ఒళ్లు తన కొవ్వునే కరిగించుకుంటుంటే రక్తంలో కీటోన్లు పేరుకుంటాయట, ఆ వాసన దానిదేనట. అక్కడికెళ్లాక చెప్పారు. ఇంకొక్క రోజు ఆగితే దక్కేది కాదన్నారు. సెలైన్ పెట్టారు. నేను బల్ల పక్కన నిలబడి దాని చెవి పట్టుకున్నాను. ఏడవలేదు. నా భయమల్లా ఖర్చెంత అవుతుందో మా ఆయనకు ఎలా చెప్పాలా అన్నదే. ఇది రాయడానికి ఇప్పటికీ మనసొప్పదు.

కుక్కలకొచ్చే షుగర్ మా అత్త షుగర్ లాంటిది కాదు. అత్తకు చాలా ఏళ్లు మాత్రలతో గడిచింది. కుక్కలకు మాత్రలు పనిచెయ్యవు, ఇన్సులినే దిక్కు. పైగా ఆడకుక్కకు ఎద అయ్యాక రెండు నెలల పాటు ప్రొజెస్టిరాన్ అనే హార్మోను ఎక్కువగా ఉంటుంది. అది ఇన్సులిన్‌ను సరిగా పనిచెయ్యనివ్వదు. ఒళ్లు కాస్త నిలబడగానే గర్భసంచి, అండాశయాలు తీసెయ్యాలని, లేకపోతే డోసు ఎంత పెంచినా లొంగదని చెప్పి పంపారు.

మర్నాటి నుంచి సూదులు. పన్నెండు గంటలకొకటి.

అత్త ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు సూది నన్నే వెయ్యమంది. నాకు చేతులు వణుకుతాయని తప్పించుకున్నాను. చూపు సరిగా ఆనకపోయినా తనే వేసుకునేది. ఇప్పుడు కుక్క కోసం ఆమె దగ్గర కూర్చుని నేర్చుకోవాలి. సిగ్గుతో తలెత్తలేకపోయాను. అత్త ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండుననిపించింది.

సీసాను ఊపకూడదు, రెండు అరచేతుల మధ్య దొర్లించాలి. మెడ కింద, వీపు మీద తోలు పైకి లాగితే గుడారంలా లేస్తుంది, సూది అందులోకి పోవాలి. ఒక్కోసారి అవతలి వైపు నుంచి బయటికొచ్చి వెంట్రుకలు తడుస్తాయి. అప్పుడు మళ్లీ వెయ్యకూడదు. ఎంత లోపలికెళ్లిందో తెలియదు కాబట్టి ఆ పూటకు వదిలెయ్యాలి. తక్కువైతే ఒక పూట షుగర్ పెరుగుతుంది, ఎక్కువైతే ప్రాణం పోతుంది.

సిరంజి మూత రంగు కూడా చూసుకోండి. మనకు సీసాల్లో ఎక్కువగా దొరికేది 40 యూనిట్ల ఇన్సులిన్. దానికి ఎర్ర మూత సిరంజి. నారింజ మూతది 100 యూనిట్ల మందుకు. దాంతో ఈ సీసాలోంచి పది గీతల దాకా లాగితే లోపలికెళ్లేది నాలుగు యూనిట్లే. సత్తుపల్లి మందుల షాపులో ఒక కుర్రాడు ప్రతిసారీ మూత చూపించి, నాతో రంగు చెప్పించి మరీ ఇచ్చేవాడు. అతనికి రుణపడి ఉన్నాను. ఊళ్లో మాత్రం నవ్వారు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కకి సూదులా వదినా" అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. మందు కొనలేక మధ్యలో ఆపేసినవాళ్లు నాకు తెలుసు. కొన్నాళ్లు మందు సంచీ కొంగు చాటున తెచ్చుకున్నాను.

సూది అలవాటైంది. తిండే అలవాటు కాలేదు. పొద్దున ఆరున్నర, సాయంత్రం ఆరున్నర. తోలు తీసిన కోడిమాంసం ఉడకబెట్టి, ముడిబియ్యం అన్నం ఒక గిన్నె, బీన్సో సొరకాయో కలిపి పెట్టాలి. ఉప్పు, ఉల్లి పడకూడదు. రోజూ అదే, అంతే. తిన్నాకే సూది. తినకపోతే డాక్టరుకు ఫోన్ చేసి అడగాలి. చుక్కి దీనికి వారంలో ఒప్పుకుంది. ఒప్పుకోనిది మనుషులే. గెలల కూలీలు టీ తాగుతూ బిస్కెట్లు వేసేవాళ్లు. పక్కింటి పిల్లలు బెల్లం ముక్క పెట్టేవాళ్లు. మామిడికాయల కాలంలో ఒక సాయంత్రం 340 వచ్చింది. ఏం తిన్నదో ఎవరూ చెప్పలేదు. మంచం కింద బంగినపల్లి టెంక దొరికింది. టెంక మీద గాట్లు కుక్క పళ్లవి మాత్రమే కావు. అత్తకూ ఆ రోజు 280. ఇద్దరూ పంచుకున్నారు.

గాలివానకు కరెంటు పోతే సీసా ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, మంచినీళ్ల కుండ కింది తడి ఇసుకలో ఉంచేవాళ్లం. అదీ అత్త ఉపాయమే.

ఎండలు ముదరకముందే ఆపరేషన్ చేయించాం. హార్మోను తగ్గాక ఇన్సులిన్ అవసరం ఒక్కసారిగా పడిపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు, డోసూ తగ్గించారు. నాలుగో రోజు రాత్రి చుక్కి తాగినవాడిలా తూలింది. పడిపోయింది. కాళ్లు కొట్టుకుంది. మీటరులో 38. నేను వాకిట్లోకి పరుగెత్తాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు. లోపలికొచ్చేసరికి అత్త నేల మీద చతికిలబడి తేనె వేలితో తీసి దాని చిగుళ్లకు రుద్దుతోంది. నోట్లో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. తనకూ రెండు మూడుసార్లు అలా షుగర్ పడిపోయింది కాబట్టి ఆమెకు తెలుసు. కొట్టుకునే కుక్క నోటి దగ్గర వేలు పెట్టకూడదని కూడా తెలుసు. పెట్టింది. వేలు తెగింది. పావుగంటకు చుక్కి తలెత్తింది. అర్ధరాత్రి ఫోనెత్తిన డాక్టరు గారు తెల్లవారేదాకా గంటగంటకూ అంకె అడిగారు. మర్నాడు అత్తకు ఆసుపత్రిలో టీకా వేయించాం. వేలికి కట్టుండటంతో ఆ వారం ఆమె సూది నేనే వేశాను. తర్వాత మళ్లీ తనే వేసుకుంటానంది.

ఆ రోజుల్లోనే మా అబ్బాయి చదివి వినిపించాడు. ఇన్సులిన్‌ను 1921లో కెనడాలోని టొరంటోలో కనిపెట్టారు, బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు. క్లోమం తీసేసిన కుక్కలకు ఆ మందు ఎక్కించి చూశారు. మార్జొరీ అనే కుక్క దాంతో దాదాపు 70 రోజులు బతికింది. 1922 జనవరిలో మనిషికి ఇచ్చారు. అత్త అంతా విని, "మరి ఆ కుక్కకేమైంది?" అంది. చనిపోయిందన్నాడు వాడు. ఆమె లేచి లోపలికెళ్లింది.

ఆపరేషన్‌తో షుగర్ పూర్తిగా పోతుందేమోనని ఆశపడ్డాం. కొన్నిటికి పోతుందట. చుక్కికి పోలేదు. దీపావళి దాటాక కళ్లు తెల్లబడ్డాయి. షుగర్ వచ్చిన కుక్కల్లో ఎక్కువ వాటికి ఏడాదిలోపే శుక్లాలు వస్తాయని ముందే విన్నాం, అయినా చూస్తుంటే కడుపులో దేవినట్టుండేది. ఇప్పుడు మంచాలు, బిందెలు ఉన్నచోటు నుంచి కదపం. తోటలోకి నా చెప్పుల చప్పుడు పట్టుకుని నడుస్తుంది. ఇప్పుడు టార్చి పట్టుకుని నేనే ముందు నడుస్తాను.

పూటకు నాలుగు యూనిట్లు. ఇంట్లో ఒకరు ఉండి తీరాలి. పోయిన నెల మా చెల్లెలి కూతురి పెళ్లికి అందరం వెళ్లాల్సి వచ్చింది. సాయంత్రం సూది పక్కింటి ఇంటర్ పిల్ల వేస్తానంది. వేసే ముందు సిరంజి ఫోటో తీసి పంపమన్నాను. పెళ్లి పందిట్లో ఫోను పెద్దది చేసి చూస్తే మూడున్నర గీతల దగ్గరే ఉన్నట్టు కనిపించింది. వెంటనే ఫోన్ చేశాను. "నాలుగే పిన్నీ, ఫోటో వంకరగా వచ్చింది" అంది. ఇంకో ఫోటో పంపించుకున్నాకే భోజనానికి కూర్చున్నాను.