రెండు చుట్టలు



దేవరకొండ ప్రాంతమందలి మా చిన్న సంఘములో ఒక ఎలక్ట్రిక్ గిటారు కలదు. వాయించువాడు చేయి తీయగానే అది జుమ్మని రొద చేయుచుండెను. వృద్ధుల ప్రార్థన ఆ రొదలో మునిగిపోయెడిది. పికప్ మార్చవలెనని తీర్మానించితిమి. సొమ్ము మా స్త్రీలు దినదినము పిడికెడు బియ్యము తీసిపెట్టి కూర్చినది; గనుక తప్పు ఎన్నిక చేయరాదు.

యువకులు బిగ్గరగా పలుకుదానిని కోరిరి. నేనును అదే మేలనుకొంటిని. హైదరాబాదులోని మరమ్మతుదారుడు మమ్మును ఆపెను. "పికప్ అనగా అయస్కాంతముల చుట్టు వేల చుట్లు చుట్టిన సన్నని రాగి తీగ. పైన ఉక్కు తంతి కదలగా దానిలో కరెంటు పుట్టును. ఒంటి చుట్ట దీపాల తీగల రొదను గూడ పట్టును. బిగ్గరది కొన్నచో రొదయు బిగ్గరగును" అనెను.

దీనికి 1955లో గిబ్సన్ కంపెనీ యందు సేత్ లవర్ ఒక ఉపాయము చేసెను. రెండు చుట్టలను ఎదురుగా కలిపి, ఒకదాని అయస్కాంత ధ్రువములను తిరగవేసినచో, రొద రొదను కొట్టివేయును. తంతి స్వరము మాత్రము కూడుకొనును. మా గిటారు గుంటలో పట్టు సన్నని జంట చుట్టనే కొంటిమి.

ఆ ఆదివారము ఒక అవ్వ ప్రార్థనను మొదటిసారి పూర్తిగా వింటిని. అందులో నా పేరుండెను. ఎన్నాళ్లనుండి ఉండెనో!

మీరును వాద్యము కొనునప్పుడు, అది ఎంత పలుకునని మాత్రమే గాక, ఎంత ఊరకుండునో కూడ అడుగుడి.