కొండ దిగితే తగ్గే దగ్గు!

లంబసింగి. డిసెంబరు నెల. తెల్లవారుజామున నాలుగు దాటింది. టీ బడ్డీ ముందు చితుకుల మంట. దాని చుట్టూ మంకీక్యాపులు, శాలువాలు. విశాఖపట్నం నుంచి వచ్చిన ఓ కుటుంబం గ్లాసులు పట్టుకుని జీపు కోసం చూస్తోంది. చెరువులవేనం కొండ మీదికి సూర్యుడి కంటే ముందే చేరాలి. ఆలస్యమైతే లోయలో పాలసముద్రంలా పరుచుకున్న మేఘాలు కరిగిపోతాయి. ఇంత దూరం వచ్చింది వాటి కోసమేగా!

జీపు స్టార్టయింది. కానీ అదేం స్టార్టు! డబడబ... డబ్... డబడబ... నాలుగు సిలిండర్లలో ఒకటి పని ఎగ్గొట్టిన చప్పుడు. బండి మొత్తం చలిజ్వరం వచ్చినట్టు ఊగుతోంది. వెనక నుంచి తెల్లటి పొగ. మంచులో అది కనిపించకపోయినా పచ్చి డీజిల్ వాసన మాత్రం దాగదు.

"పాత బండి కదా సార్, చలికి అంతే. కాసేపట్లో సర్దుకుంటది" అన్నాడు డ్రైవరు. నిజమే, ఐదు నిమిషాల్లో సర్దుకుంటుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉందీ ఊరు. దీనికి కొర్రబయలు అని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట పడుకుంటే తెల్లారేసరికి కర్రలా బిగుసుకుపోతారట, అందుకే ఆ పేరంటారు స్థానికులు. పాదరసం సున్నా దరిదాపులకు దిగిన రోజులూ ఉన్నాయి. సందర్శకులకు అది సరదా. జీపుల వాళ్లకు నవంబరు నుంచి జనవరి వరకూ అదే సంపాదన. పొద్దున్నే మొరాయించే బండిని ఎవరూ రెండోసారి మాట్లాడుకోరు.

ఈ డ్రైవరు ఇప్పటికే రెండుసార్లు జీపును మైదానానికి దింపాడు. ఘాట్ దిగేసరికి ఇంజిన్ వేడెక్కుతుంది. కింద చలీ ఉండదు. షెడ్డులో బానెట్ ఎత్తితే కుట్టుమిషన్‌లా నడుస్తుంది. 'బాగానే ఉంది కదా!' అన్నారొకరు. నాజిళ్లు మార్పించారు ఇంకొకరు. ఇంజిన్ బోరుకొచ్చింది, విప్పాల్సిందేనని మూడో మాట. అంటే ఈ సీజన్ సంపాదనంతా అందులోకే!

అందుకే ఈసారి మెకానిక్కే కొండెక్కాడు. రాత్రి బస్సుకొచ్చి డ్రైవరింట్లో పడుకున్నాడు. పెట్టిన షరతు ఒకటే. "నేను లేచేదాకా బండిని ముట్టుకోకు తమ్ముడూ." జబ్బు చల్లగా ఉన్నప్పుడే దొరకాలి మరి.

స్టార్టు చేయకముందే అతను చూసింది డీజిల్ లైను. పైపు ఎక్కడైనా చిట్లి ఉంటే రాత్రంతా గాలి చేరి, పొద్దున్నే బండి ఇలాగే తడబడుతుంది. చేతి పంపు నొక్కితే వెంటనే గట్టిగా తగిలింది. గాలి లేదు. సెల్ఫ్ కూడా చురుగ్గానే తిరిగింది కాబట్టి బ్యాటరీ మీదా అనుమానం పోయింది.

బండి వణుకుతూ నడుస్తుండగానే స్పానరు తీశాడు. నాజిళ్లకు వెళ్లే పైపుల నట్లను ఒక్కొక్కటీ కొద్దిగా వదులు చేసి మళ్లీ బిగించాడు. (ఆ డీజిల్ ఒత్తిడి చర్మంలోకి దూసుకుపోయేంత ఉంటుంది. చూసి నేర్చుకునే పని కాదిది!) ఒకటి, రెండు, నాలుగు... వదులు చేసినప్పుడల్లా ఇంజిన్ చప్పుడు పడిపోయింది. మూడోదానికి మాత్రం ఏ తేడా లేదు. పని ఎగ్గొడుతున్నది అదే.

"మరి బోరు పని..." అని నసిగాడు డ్రైవరు.

"బోరు పోతే వేడెక్కాక కూడా బలం ఉండదురా. నీది ఘాట్ ఎక్కుతోంది కదా!"

డీజిల్ ఇంజిన్లో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకోవాలి. మంచు పట్టిన ఇనుము ఆ వేడిని పీల్చేస్తుంది. అందుకే ఇలాంటి పాత ఇంజిన్లలో సిలిండరుకో హీటర్ ప్లగ్గు ఉంటుంది. ఒకటి కాలిపోయినా మిగతా మూడింటితో బండి స్టార్టవుతుంది. నాలుగోది వేడి పుంజుకునేదాకా డీజిల్‌ను కాల్చకుండా తెల్లపొగగా వదిలేస్తుంది. పొగ నల్లగా ఉంటే గాలి చాలడం లేదనో, డీజిల్ ఎక్కువైందనో అర్థం. నీలంగా ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు. పాత పెట్రోలు కార్లదైతే వేరే కథ. వాటిలో ముందు చోక్‌నీ, స్పార్క్ ప్లగ్గుల్నీ చూడాలి.

ఇంజిన్ ఆపి, ప్లగ్గులను కలిపే పట్టీ విప్పాడు. టెస్ట్ బల్బు ఒక తీగ బ్యాటరీ ప్లస్‌కు, రెండోది ప్లగ్గు తలకు. మూడు చోట్ల వెలిగింది. మూడో నంబరు దగ్గర వెలగలేదు. ఆసక్తిగా చూస్తున్న పిల్లాడు "మళ్లీ పెట్టండంకుల్" అంటే మళ్లీ పెట్టి చూపించాడు. ఊహూఁ!

ఇంత చేసీ కొత్త ప్లగ్గు సంచిలో లేదు. నర్సీపట్నం నుంచి పొద్దుటి బస్సులో రావాలి. ఈ పూటకి మూడింటితోనే నడపాలి. పట్టీ బిగించి, ఈసారి హీటర్ స్విచ్ కాస్త ఎక్కువసేపు పట్టుకోమన్నాడు. దగ్గుతూనే లేచింది జీపు. వణుకు తగ్గేదాకా ఆగి అందరూ ఎక్కారు. డ్రైవరు మొదటి గేరేశాడు. తూర్పున ఇంకా చీకటిగానే ఉంది.