దర్జీ టేపు

నా బల్ల సొరుగులో ఒక దర్జీ టేపు ఉంటుంది. కంటి డాక్టరు గదిలో దానితో పనేమిటని కొత్తగా వచ్చినవాళ్లు వింతగా చూస్తారు. పదేళ్ల కిందటిదాకా నాకూ దాని అవసరం లేదు. చత్వారం అద్దాలకి వచ్చినవాళ్ల చేతిలో అక్షరాల కార్డు పెట్టి "హాయిగా ఉన్నచోట పట్టుకోండి" అంటే సరిపోయేది. పేపరైనా, పంచాంగమైనా, చేటలో బియ్యమైనా దాదాపు ఒకటే దూరం. ఇప్పుడలా లేదు. ఫోనుకి ఒక దూరం, ట్యాబుకి ఒక దూరం, పడుకుని చూసే ట్యాబుకి ఇంకో దూరం. అందుకని ఇంట్లో వాడే వస్తువు వెంట తెచ్చుకోమంటాను. "ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి" అని కంటి దగ్గర్నుంచి తెర దాకా టేపు పడతాను. మా కాంపౌండరు దీన్ని చొక్కా కొలతలంటాడు.

"ఎనిమిది ఇంచులది కొనమంటారా, పదకొండా?" అని అడిగేవాళ్లు ఈ మధ్య బాగా ఎక్కువయ్యారు. పెద్ద తెర కంటికి మంచిదని షాపులో కుర్రాడు చెబుతాడు. ఆ మాట అబద్ధం కాదు గానీ, అందులో సగం మాటే ఉంది. ఆ మిగతా సగం నాకు తెలియజేసింది ఒక తెలుగు మాస్టారు.

ఆయనకి డెబ్బై ఒకటి. రెండు కళ్లకీ శుక్లాల ఆపరేషను నేనే చేశాను. డాలస్‌లో ఉన్న కొడుకు వచ్చి పదకొండు ఇంచుల ట్యాబు కొనిపెట్టి వెళ్లాడు. వారం తిరక్కుండా మాస్టారు రెండు ట్యాబులూ సంచీలో వేసుకుని వచ్చారు. "పాత ఎనిమిది ఇంచులదాంట్లో బాగానే కనపడేది. ఇంత డబ్బు పోసి పెద్దది కొన్నాక మసకేమిటండీ?" అన్నారు. అందులో తప్పు నా ఆపరేషనుదేమోనన్న అనుమానం ఆ గొంతులో ఉంది. తప్పు ఉన్నమాట నిజమే, అయితే అది అద్దాల చీటీలో ఉంది.

పాతదాన్ని పట్టుకోమన్నాను. టేపు నలభై సెంటీమీటర్లు చూపించింది. కొత్తదాన్ని చేతిలోకి తీసుకోనే లేదు. బల్ల మీద నిలబెట్టి, కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు. అరవై. "చేత్తో పట్టుకోరా?" అంటే "అరకిలో ఉందండీ, పది నిమిషాలకే మణికట్టు లాగేస్తోంది" అన్నారు. పాతది మూడు వందల గ్రాముల చిల్లర.

ఆపరేషనులో మేం పెట్టే మామూలు కృత్రిమ లెన్సు దూరం చూడటానికే కుదురుకుని ఉంటుంది. చిన్నపిల్లల కంట్లో లెన్సులాగా అవసరాన్నిబట్టి ఉబ్బదు, సాగదు. దగ్గరకి ప్లస్ రెండున్నర అద్దం ఇచ్చామంటే చూపుని నలభై సెంటీమీటర్ల దగ్గర మేకు కొట్టి బిగించినట్టే. కాస్త అటూ ఇటూ సర్దుకుంటుంది గానీ అరవైకి చేరదు. నలభై ఏళ్లకి చత్వారం మొదలైనవాడికి ఇంకా కొంత వెసులుబాటు ఉంటుంది. మాస్టారికి అదీ లేదు.

ఆయన వెళ్లాక చీటీ వెనక ఒక లెక్క వేశాను. కంటికి ఒక వస్తువు ఎంత కనిపిస్తుందన్నది దాని కొలతతో పాటు దాని దూరాన్నిబట్టి ఉంటుంది. అరవై సెంటీమీటర్ల దూరంలో పదకొండు అంగుళాల తెర, నలభైలో సుమారు ఏడుంపావు అంగుళాల తెరా కంటి వెనక పొర మీద ఒకే అంత బొమ్మ వేస్తాయి. అంటే మాస్టారి కొత్త ట్యాబు ఆయన కంటికి పాత ఎనిమిది అంగుళాలదానికంటే చిన్నదన్నమాట! పెద్దది గనక బరువు, బరువు గనక దూరం, దూరం గనక చిన్నది.

అలాగని పెద్దది తిరిగి ఇచ్చెయ్యమనలేదు. ఏం చదువుతారని అడిగాను. పాత తెలుగు పుస్తకాలు, పేజీలు ఫొటో తీసి నెట్‌లో పెట్టినవి. అక్కడ తిరిగింది కథ. ఆ పేజీల్లో అక్షరం ఒక్కదాన్నే పెంచుకునే వీలుండదు, పేజీ మొత్తాన్ని సాగదీసి వేలితో అటూ ఇటూ జరుపుకోవాలి. డెమ్మీ సైజు పుస్తకం పేజీ సుమారు పద్నాలుగు సెంటీమీటర్ల వెడల్పు. ఎనిమిది అంగుళాల పొడుగుపాటి ట్యాబు నిలువుగా పడితే పదకొండు సెంటీమీటర్లు కూడా ఉండదు, కాబట్టి అచ్చు ముప్పాతికకి కుదించుకుపోతుంది. పదకొండు అంగుళాలదాంట్లో అదే పేజీ అచ్చయిన సైజులో వచ్చి కూర్చుంటుంది. ఆయన చదివే సరుకుకి పెద్దదే సరైనది. మార్చాల్సింది అద్దాలు. ప్లస్ ఒకటీ ముప్పావు రాసిచ్చాను, చూపు యాభై ఏడు సెంటీమీటర్ల దగ్గరికి జరిగింది. దూరం వల్ల తగ్గిన సైజుకి ఆయన కళ్లు తట్టుకున్నాయి, మసకని మాత్రం తట్టుకోలేకపోయాయి. ఆ అద్దాల డబ్బా మీద తెల్ల కాయితం అంటించి "ట్యాబు అద్దాలు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.

ఇంచుల సంగతి వచ్చింది గనక ఒక్క మాట. షాపువాళ్లు చెప్పే ఇంచులు మూల నుంచి మూలకి కొలిచినవి. ఎనిమిదికీ పదకొండుకీ తేడా మూడే కదా అనిపిస్తుంది, వైశాల్యం చూస్తే దాదాపు రెట్టింపు. మన పొలం లెక్క తెలిసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. ఇంకో చిత్రం కూడా ఉంది. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్ తెర 9.7 అంగుళాలు. 2012లో వచ్చిన ఐప్యాడ్ మినీది 7.9. రెండింటిలోనూ చుక్కలు ఒకటే: అడ్డంగా 1024, నిలువుగా 768. అదే బొమ్మని చిన్న పలకలో ఇరికించారు గనక ప్రతి అక్షరమూ దాదాపు అయిదో వంతు చిక్కింది. చుక్కలు దగ్గరదగ్గరగా ఉండి అచ్చు నున్నగా కనిపించేది, కుర్రవాళ్లు మెచ్చుకున్నారు. చత్వారం ఉన్నవాళ్లకి నునుపుతో పనేముంది?

ఇక నా తప్పు ఒకటి. రిటైరైన బ్యాంకు మేనేజరుగారు ఒకాయన నీటికాసులతో చాలా ఏళ్లుగా నా దగ్గరే మందులు వాడుతున్నారు. కంటి ఒత్తిడి అదుపులోకి వచ్చేసరికే చుట్టూ చూపు బాగా పోయింది. మధ్యలో మాత్రం చూపు నిక్షేపంగా ఉంది, గోడ మీది చార్టులో ఆఖరి వరస కూడా చదివేస్తారు. ఏ ట్యాబు కొనాలని కూతురు ఫోనులో అడిగితే "చూపు తక్కువ కదమ్మా, పెద్దదే కొనండి" అనేశాను. పదమూడు ఇంచులది కొన్నారు. రెండు నెలల తర్వాత ఆయన వచ్చి, ఫిర్యాదులా కూడా కాకుండా మొహమాటంగా చెప్పారు: "వరస చివరిదాకా వెళ్తున్నానండీ. వెనక్కొస్తే కింది వరస మొదలెక్కడో దొరకట్లేదు."

ఆయన చూపు పరిధి పరీక్ష కాగితం నా ఎదురుగానే ఫైల్లో ఉంది. చుట్టూ నల్లగా, మధ్యలో కిటికీలాగా తెల్లగా మిగిలింది ఇరవై డిగ్రీలు. నలభై సెంటీమీటర్ల దూరంలో ఆ కిటికీలోంచి కనిపించేది పద్నాలుగు సెంటీమీటర్ల మేర. పదమూడు అంగుళాల తెరని అడ్డంగా పెడితే ఇరవై ఆరు సెంటీమీటర్ల పైన. పాపం, ఆయన తాళంచెవి కన్నంలోంచి పెళ్లిపందిరి చూస్తున్నారు. వెంట వచ్చిన మనవడి చేతిలో ఎనిమిది ఇంచుల ట్యాబు ఉంటే అడిగి తీసుకుని ఆయన చేతిలో నిలువుగా పెట్టాను. అక్షరాలు చిన్నవే, కానీ వరస మొత్తం కిటికీలో పట్టింది. ఆగకుండా ఒక పేరా చదివారు. చదివి, "ఇదేదో ముందే చెప్పుంటే నలభై వేలు మిగిలేవి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఆ రోజంతా ఆ మాట గుచ్చుతూనే ఉంది. చూపు తక్కువ అన్నది ఒక్క జబ్బు కాదని విద్యార్థులకి పాఠాలు చెప్పేవాణ్ణి, ఫోనులో ఎవరో అడిగేసరికి మరిచిపోయాను.

అక్కడికక్కడే మారకం జరిగింది, తాతది మనవడికి, మనవడిది తాతకి. కుర్రాడి ఆనందానికి హద్దు లేదు. వాడికి తొమ్మిదేళ్లు. చిన్నది వాడి చేతిలో ఉన్నప్పుడే టేపు పెట్టి చూశాను, ఇరవై సెంటీమీటర్లు. ముక్కుకి ఆన్చుకున్నట్టే. అంత దగ్గర చూడాలంటే కంటి లెన్సు అయిదు డయాప్టర్ల బిగువు పట్టాలి. ఆ వయసు కంటికి దానికి రెట్టింపు శక్తి ఉంటుంది, అందుకే వాడు కిక్కురుమనడు. పెద్దాయన కళ్లు లాగుతున్నాయని పదిసార్లు మొరపెట్టుకుంటాడు, పిల్లవాడు సైటు వచ్చేదాకా నోరెత్తడు. పదమూడు ఇంచులదాన్ని వాడు పైకెత్తలేడు గనక బల్ల మీద పెట్టుకుని వెనక్కి కూర్చోవాల్సిందే. మాస్టారిని ఇబ్బంది పెట్టిన బరువే వీడికి మేలు చేస్తుంది. ట్యాబు సైజు కంటే వాణ్ణి రోజూ రెండు గంటలు ఆరుబయటికి తోలడం ముఖ్యమని వాళ్లమ్మకి చెప్పాను. తైవాన్‌లో 2010 నుంచి బడిపిల్లలని రోజుకు నూట ఇరవై నిమిషాలు బయట ఉంచే కార్యక్రమం పెట్టాక, అప్పటిదాకా ఏటా పెరుగుతూ వచ్చిన చూపు మందగించిన పిల్లల శాతం దిగడం మొదలుపెట్టింది. ఆవిడ అంతా విని, "నీలం అద్దాలు వేయించమంటారా?" అని అడిగింది. తెర నుంచి వచ్చే నీలి వెలుతురుకి కళ్లు పాడవుతాయనడానికి ఆధారం లేదని ఆ వారంలో పదోసారి చెప్పాను.

చివరగా మామ్మగారు. కొల్లిపర వైపు పల్లెటూరు, వయసు డెబ్బై ఎనిమిది. బ్యాంకు మేనేజరుగారికి పోయినచోట ఈవిడకి ఉంది, ఆయనకి ఉన్నచోట ఈవిడకి పోయింది. వయసుతో వచ్చే మాక్యులా జబ్బు. "మనిషి మొహం కనపడదు బాబూ, చీర అంచు కనపడుద్ది" అన్నది ఆవిడ. ఏ వైద్య గ్రంథమూ ఆ జబ్బుని అంతకంటే బాగా వర్ణించలేదు. పోతన భాగవతం చదువుకోవాలని ఆవిడ కోరిక. చాలా పద్యాలు కంఠతా వచ్చు. మరి చదవడం ఎందుకమ్మా అంటే, "తలుచుకుంటే మధ్యలో నిద్రొచ్చుద్ది" అంది.

మధ్య చూపు పోయినవాళ్లకి అక్షరం పెద్దది కావాలి. ఆవిడకి చింతగింజంత ఉంటే గాని పోల్చుకోలేదు. తెలుగు అక్షరంతో ఉన్న చిక్కు ఇక్కడే బయటపడుతుంది. ద కీ ధ కీ, డ కీ ఢ కీ, ప కీ ఫ కీ తేడా అడుగున ఒక చిన్న గీత. కింద వేలాడే ఒత్తులు, పైన గుడులు, ఇవన్నీ పోల్చాలంటే వరసకీ వరసకీ మధ్య జాగా కావాలి. పైగా మన మాటలు పొడుగు. చింతగింజంత అక్షరాలు ఎనిమిది అంగుళాల తెర మీద నిలువుగా వరసకి ఎనిమిదో తొమ్మిదో పడతాయి. "కూర్చోబెట్టుకుంటుందనుకున్నాను" అన్న మామూలు మాటకే పదకొండు అక్షరాలు, భాగవతంలో సమాసాల గతి ఇక చెప్పేదేముంది. రెండు ముక్కలైన మాటని అతికించుకునేసరికి మొదటి ముక్క మరుపొస్తుంది. అందుకే పదకొండు ఇంచులది అడ్డంగా పెట్టి చదవమని, ప్లస్ నాలుగు అద్దాలు ఇచ్చాను. వాటితో పాతిక సెంటీమీటర్ల దగ్గర చూడాలి.

ఆవిడ చేతులకి కీళ్లవాతం, ట్యాబు పట్టుకోలేదు. మనవడు ఇనప స్టాండు కొని బల్ల మీద మొహానికి ఎదురుగా నిలబెట్టాడు. నాలుగు రోజులకి కళ్లలో ఇసుక పోసినట్టుందని వచ్చింది. మొహానికి ఎదురుగా ఉన్నదాన్ని చూసేటప్పుడు రెప్పలు బార్లా తెరుచుకుంటాయి, రెప్పపాటూ తగ్గుతుంది, కన్నీరు త్వరగా ఆరిపోతుంది. కిందికి చూసేటప్పుడు రెప్ప సగం దిగి కంటిని కాపాడుతుంది. చుక్కల మందు రాసి, తెరని కిందికి దించమన్నాను. ఎలా దించాలో మాత్రం నాకు తోచలేదు, చెప్పలేదు కూడా.

నెల తర్వాత మామ్మగారు వచ్చినప్పుడు కళ్లు తేటగా ఉన్నాయి. స్టాండు మార్చారా అని అడిగితే మనవడు ఫోనులో ఫొటో చూపించాడు. ఆవిడ అత్తగారి కాలం నాటి వ్యాసపీఠం మీద, భాగవతం పుస్తకం ఉండాల్సిన చోట ట్యాబు వాలి ఉంది. మామ్మగారు పారాయణకి కూర్చున్నట్టే దాని మీదకి వంగి ఉన్నారు. ఎదురుగా ఒక పీట వేయించి, ఎలా కూర్చుంటారో చూపించమని టేపు పట్టాను. ఇరవై ఆరు.

"అంతా బాగుంది గానీ బాబూ, దేవుడి గదిలో ప్లగ్గు లేదు," అంది ఆవిడ లేస్తూ. "వైరు అందక పీఠాన్ని హాల్లోకి తెచ్చేశాడు వీడు. టీవీ పక్కన."